మందు మాట: తూము మూసే మాత్రలు

పోయిన సంచికలో సోరియాసిస్ మాత్ర గురించి రాస్తూ ఫాస్ఫోడైఎస్టరేజ్ అనే ఎంజైము పేరెత్తాను. దాని మీద ఇన్ని ఉత్తరాలు వస్తాయనుకోలేదు. ఒకరు నాన్నగారి ఆయాసం గురించి అడిగారు, ఒకరు చెల్లెలి మాత్ర గురించి, ఇంకొకరు కాఫీ గురించి. అన్నీ తిరిగి తిరిగి ఆ ఎంజైము గుమ్మం దగ్గరికే వస్తున్నాయి కాబట్టి ఈసారి పేజీ మొత్తం దానికే ఇస్తున్నాను. ముందు తెనాలి అమ్మాయి ప్రశ్న. మిగతావాళ్ళు కూడా ఆ జవాబు చదివాకే తమ ప్రశ్నకు వెళ్ళండి. చెప్పిందే చెప్పే పని నాకు తప్పుతుంది.

ప్రశ్న: మేడమ్ గారూ, బీఎస్సీ రెండో సంవత్సరం చదువుతున్నాను. మా పుస్తకంలో 'సైక్లిక్ ఏఎంపీని ఫాస్ఫోడైఎస్టరేజ్ మామూలు ఏఎంపీగా మారుస్తుంది' అని ఒక్క లైను ఉంది. రెండు మార్కుల ప్రశ్న, అంతకంటే అక్కర్లేదు అన్నారు మా సార్. ఇంత చిన్న పని చేసే ఎంజైము వెనక మందుల కంపెనీలు ఎందుకు పడతాయి? ఒంట్లో వాపుకీ దీనికీ సంబంధం ఏమిటి?
ఒక విద్యార్థిని, తెనాలి

జవాబు: మీ సార్ పరీక్ష సంగతి చెప్పారమ్మా. ఆయన పని ఆయన చేశారు. నువ్వు అడిగింది వేరే సంగతి, కాస్త ఓపిగ్గా చదువు.

1950లలో అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో, వెస్టర్న్ రిజర్వ్ యూనివర్సిటీలో ఎర్ల్ సదర్లాండ్, థియోడర్ రాల్ ఒక ప్రశ్న పట్టుకున్నారు. అడ్రినలిన్ హార్మోన్ తగిలితే కాలేయం చక్కెర వదులుతుంది, ఎలా? కాలేయాన్ని మెత్తగా చేసి, కణాల పొరలను ఒక పక్కకు, మిగతా ద్రవాన్ని ఇంకో పక్కకు తీశారు. అడ్రినలిన్‌ను ద్రవంలో వేస్తే ఏమీ జరగలేదు. పొరలకు, కణానికి శక్తినిచ్చే ఏటీపీ అనే పదార్థం కలిపి, తగిలిస్తే ఏదో కొత్త పదార్థం పుట్టింది. ఆ పదార్థాన్ని మరిగించారు, చెడలేదు. తెచ్చి ద్రవంలో పోశారు, చక్కెర తీసే ఎంజైము లేచి కూర్చుంది. అంటే హార్మోన్ గడప దాటి లోపలికి రాలేదు, బయటే నిలబడి కబురు పంపింది. ఆ కబురే సైక్లిక్ ఏఎంపీ. సదర్లాండ్‌కు 1971లో నోబెల్ వచ్చింది ఇందుకే.

ఈ సైక్లిక్ ఏఎంపీ తయారయ్యేది ఏటీపీ నుంచి. ఏటీపీని 1929లో జర్మనీలో లోమన్ ఒక వైపు, హార్వర్డ్‌లో ఫిస్క్, మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు ఇంకోవైపు బయటపెట్టారు. ఈ కథలో సుబ్బారావు గారు ఇంకోచోట కూడా తగులుతారు, చెబుతాను.

కబురు వచ్చాక, పని అయ్యాక, దాన్ని చెరపాలి కదా? చెరపకపోతే కణం రోజంతా అదే పని చేస్తూ కూర్చుంటుంది. ఆ చెరిపే ఎంజైమే ఫాస్ఫోడైఎస్టరేజ్. సైక్లిక్ ఏఎంపీలో ఫాస్ఫేటు ఉంగరంలా మెలిపడి రెండు చోట్ల అతుక్కుని ఉంటుంది. ఎంజైము అందులో ఒక అతుకును నీటితో తెంపుతుంది. ఉంగరం విప్పుకుపోయి, మామూలు ఏఎంపీ మిగులుతుంది. దాన్ని కణం కబురుగా లెక్కపెట్టదు. 1962లో బుచర్, సదర్లాండ్ గొడ్డు గుండె కండరం నుంచి ఈ ఎంజైమును శుద్ధిచేసి, కాఫీ టీ జాతి పదార్థాలు దాన్ని అడ్డుకుంటాయని చూపించారు.

దీన్ని కొలిచే పాత పద్ధతి ఇప్పటి పిల్లలకు చూపించరు కాబట్టి రాస్తున్నాను. గొట్టంలో సైక్లిక్ ఏఎంపీ, ఎంజైము వేసి వెచ్చటి నీటిలో ఉంచేవాళ్ళం. తెగిన ఏఎంపీకి పాము విషం కలిపేవాళ్ళం. విషంలో ఉన్న ఇంకో ఎంజైము ఏఎంపీ నుంచి ఫాస్ఫేటును ఊడదీస్తుంది, సైక్లిక్ ఏఎంపీ జోలికి పోదు. ఇక ఆ ఫాస్ఫేటును లెక్కపెట్టాలి. అక్కడ వచ్చేది 1925 నాటి ఫిస్క్-సుబ్బారావు పద్ధతి. ఆమ్లంలో కలిపిన అమ్మోనియం మాలిబ్డేట్ ఒక చుక్క, తర్వాత ఇంకో రసాయనం, పది నిమిషాలు ఆగితే నీలం తేలుతుంది. ఎంజైము ఎంత చురుగ్గా ఉంటే నీలం అంత ముదురు. అదే గొట్టంలో ముందుగా థియోఫిలిన్ (టీ ఆకులో ఉండే పదార్థం) వేసి ఉంచితే లేత ఆకాశం రంగు దగ్గర ఆగిపోయేది. ఎంజైమును ఒక మందు ఆపడం అంటే ఏమిటో నాకు కళ్ళకు కట్టింది ఆ గొట్టాల వరసలోనే. పుస్తకంలో చదివితే అది ఒక లైనే.

ఇక నీ అసలు ప్రశ్న. చెరువులో నీటి మట్టం పైనుంచి వచ్చే వరద ఒక్కదాన్నిబట్టే ఉండదు, కింద తూము ఎంత తెరిచి ఉందన్నదాన్నిబట్టి కూడా ఉంటుంది. అడ్రినలిన్ లాంటివి వరద. ఫాస్ఫోడైఎస్టరేజ్ తూము. తూము కొంచెం మూస్తే కొత్తగా వరద రాకపోయినా మట్టం పెరుగుతుంది. కంపెనీలు పడింది ఆ తూము వెనకే.

పైగా ఆ తూములు అన్నీ ఒకటి కావు. మనిషిలో ఈ ఎంజైములు 11 కుటుంబాలు, వాటికి 21 జన్యువులు. నాలుగు, ఏడు, ఎనిమిది నంబర్లవి సైక్లిక్ ఏఎంపీని మాత్రమే తెంచుతాయి. ఐదు, ఆరు, తొమ్మిది దాని తోబుట్టువు సైక్లిక్ జీఎంపీని. మిగతావి రెండింటినీ. గుండె కండరంలో మూడో నంబరుది ముఖ్యం, కంటి రెటీనాలో ఆరోది, తెల్లరక్తకణాల్లో నాలుగోది. ఒకే కణంలో కూడా ఇవి ఎక్కడపడితే అక్కడ తిరగవు. వీటిని ఫలానా రిసెప్టర్ (కబురు అందుకునే ప్రోటీన్) పక్కన, ఫలానా పొర దగ్గర కట్టిపడేసే ప్రోటీన్లు వేరే ఉన్నాయి. అందుకే ఒక మూల కబురు ఇంకో మూలకు పొక్కదు.

వాపు సంగతి. తెల్లరక్తకణంలో సైక్లిక్ ఏఎంపీ పెరిగితే పీకేఏ అనే ఎంజైము మేల్కొంటుంది. అక్కణ్ణుంచి జన్యువుల దాకా కబురు పోయి, టీఎన్‌ఎఫ్, ఇంటర్‌ల్యూకిన్ 23, 17 లాంటి వాపును ఎగదోసే ప్రోటీన్ల తయారీ తగ్గుతుంది. చల్లార్చే ఇంటర్‌ల్యూకిన్ 10 పెరుగుతుంది. న్యూట్రోఫిల్ అనే తెల్లరక్తకణాల ఉరుకులు తగ్గుతాయి. 1968లోనే లిక్టెన్‌స్టైన్, మార్గోలిస్ ఎలర్జీ ఉన్నవాళ్ళ తెల్లరక్తకణాల మీద థియోఫిలిన్ జాతి మందు వేసి, హిస్టమిన్ విడుదల తగ్గుతుందని చూపించారు. అంటే వాపు చల్లారాలంటే సైక్లిక్ ఏఎంపీ నిలవాలి. నాలుగో నంబరు ఎంజైము దాన్ని నిలవనివ్వదు. దాన్ని ఆపితే వాపు తగ్గుతుంది.

ఈ మాటలో నీకు ఇంకా అనుమానం ఉంటే సూక్ష్మక్రిములను అడుగు. కోరింత దగ్గు తెచ్చే బాక్టీరియా సైక్లిక్ ఏఎంపీని కుప్పలుగా తయారుచేసే ఎంజైమును మన రక్షక కణాల్లోకి నేరుగా దూర్చేస్తుంది. ఆంత్రాక్స్ క్రిమిదీ అదే ఎత్తు. ఆ వరదలో మునిగిన రక్షక కణం క్రిమిని చూస్తూ కూడా ఊరుకుంటుంది. మనవాళ్ళు మాత్రగా చేసిన పనిని అవి ఎప్పటినుంచో ఆయుధంగా వాడుతున్నాయి. వైవాలో ఇది చెప్పమ్మా, ఎగ్జామినర్ రెండో ప్రశ్న మరిచిపోతాడు.

ప్రశ్న: మా వారికి 48 ఏళ్ళు. సోరియాసిస్‌కు స్కిన్ డాక్టరు గారు ఏప్రెమిలాస్ట్ మాత్ర రాశారు. మొదటి వారంలోనే వాంతి వచ్చినట్టుండటం, విరేచనాలు. భయపడి మానేశారు. డాక్టరు గారు కోప్పడ్డారు. ఇది స్టెరాయిడా? రోగనిరోధక శక్తి పడిపోతుందా? ఊళ్ళో అందరూ తలో మాట చెబుతున్నారు.
ఒక గృహిణి, కరీంనగర్

జవాబు: స్టెరాయిడ్ కాదమ్మా. పైన తెనాలి అమ్మాయికి చెప్పిన నాలుగో నంబరు ఎంజైమును ఆపే మాత్ర. అమెరికాలో 2014లో ముందు సోరియాసిస్ కీళ్ళవాతానికి, తర్వాత చర్మపు సోరియాసిస్‌కు అనుమతి వచ్చింది. 2019లో ఈ ఒక్క మందును ఒక కంపెనీ నుంచి ఇంకో కంపెనీ 1,340 కోట్ల డాలర్లకు కొనుక్కుంది. మన దేశపు కంపెనీలు చేసే మాత్రలు ఆ ధరల దగ్గరికి కూడా పోవు, అది మన అదృష్టం.

వాంతి, విరేచనాలు ఎందుకంటే, ఆ ఎంజైము తెల్లరక్తకణాల్లోనే కాదు, మెదడులో వాంతిని పుట్టించే చోటా ఉంది, పేగుల్లోనూ ఉంది. నాలుగో నంబరులో మళ్ళీ ఏ, బీ, సీ, డీ అని నాలుగు రకాలు. వాపుకు ఎక్కువగా బీ రకం, వాంతికి ఎక్కువగా డీ రకం కారణమని ప్రయోగాలు చెబుతున్నాయి. మాత్రకు ఆ తేడా తెలియదు, రెండింటినీ మూస్తుంది. పేగు గోడ కణాల్లో సైక్లిక్ ఏఎంపీ పెరిగితే ఉప్పు, దాని వెంట నీరు పేగులోకి వస్తాయి. కలరాలో విపరీతంగా జరిగేది ఇదే. మాత్రతో చిన్న మోతాదులో అదే దారి నడుస్తోందని అనుకుంటున్నారు.

1980లలో బెర్లిన్‌లోని షెరింగ్ కంపెనీ రోలిప్రామ్ అనే మందును దిగులు తగ్గించడానికని తెచ్చింది. అదీ నాలుగో నంబరు మీద పనిచేసేదే. కొంత పనిచేసేది, కానీ వాంతుల దెబ్బకు బజారు మొహం చూడలేదు. ఆ పాఠం నేర్చుకున్నారు కాబట్టే ఏప్రెమిలాస్ట్‌ను ఒక్కసారిగా మొదలుపెట్టరు. మొదటి రోజు ఉదయం 10 మిల్లీగ్రాములు. రెండో రోజు ఉదయం 10, సాయంత్రం 10. తర్వాత 10-20, 20-20, 20-30, ఆరో రోజు నుంచి 30-30. మీ వారికి ఇచ్చిన చీటీలో ఇలా మెట్లు ఉన్నాయా, లేక మందుల షాపులో మొదటి రోజే 30 మిల్లీగ్రాముల స్ట్రిప్ చేతికిచ్చారా? ఒకసారి చూడండి. నాకు వచ్చే ఉత్తరాల్లో సగం గొడవ ఇక్కడే ఉంటోంది. ఎక్కువమందికి ఈ కడుపు బాధ మొదటి రెండు వారాల్లో ఉండి, నెల తిరిగేసరికి సర్దుకుంటుంది. మానేసింది మళ్ళీ మొదలుపెట్టాలంటే డాక్టరు గారిని అడిగి మొదటి మెట్టు నుంచే వెళ్ళాలి.

రోగనిరోధకత పూర్తిగా పడిపోదు. టీఎన్‌ఎఫ్‌ను అడ్డుకునే ఇంజెక్షన్ల ముందు క్షయ పరీక్ష తప్పనిసరి. దీనికి ఆ నిబంధన పెట్టలేదు. కానీ క్షయతో ఇంకో లంకె ఉంది. క్షయకు రిఫాంపిసిన్ వాడుతున్నవాళ్ళలో ఈ మాత్ర రక్తంలో చాలావరకు తగ్గిపోతుంది, డబ్బు దండగ. మూత్రపిండాలు బాగా దెబ్బతిన్నవాళ్ళకు రోజుకు ఒక్క మాత్రే. గర్భం ధరించే ఆలోచన ఉన్నవాళ్ళకు రాయరు. బరువు తగ్గవచ్చు, నెలకోసారి తూకం చూసుకోండి. ఇంకొక సంగతి, దీన్ని మగవాళ్ళు తమంతట తాము చెప్పరు: కొందరికి దిగులు ముంచుకొస్తుంది. మీ వారు నిద్ర తగ్గి, మాట తగ్గి, ఊరికే కూర్చుంటున్నారంటే ఆ సంగతి డాక్టరు గారికి మీరు చెప్పండి.

ఎంత పనిచేస్తుంది అంటే, దీని అనుమతికి ఆధారమైన ఒక పెద్ద పరీక్షలో 16 వారాలకు మచ్చలు ముప్పాతిక వంతు తగ్గినవాళ్ళు నూటికి 33 మంది. ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్ళలో ఐదుగురు. ఇంజెక్షన్లు ఇంతకంటే బలమైనవి. ఇది మధ్యరకం మందు. మధ్యరకం మందులకు మధ్యరకం ఆశే పెట్టుకోవాలి, నాలుగు నెలలైనా చూడకుండా తీర్పు చెప్పకూడదు.

ప్రశ్న: మా నాన్నగారికి 70. నలభై ఏళ్ళు బీడీలు కాల్చి, ఈ ఏడాది డాక్టరు గారి మాట విని పూర్తిగా మానేశారు. ఆయాసానికి డెరిఫిలిన్ మాత్ర ఏళ్ళ తరబడి వాడుతున్నారు, ఎప్పుడూ పడింది. బీడీ మానేశాక గుండె దడ, చేతులు వణకడం, వాంతులు. మధ్యలో మూత్రంలో మంటకు యాంటీబయాటిక్ వాడాక ఇంకా ఎక్కువైంది. బీడీ మానడమే ఒంటికి పడలేదని ఆయన వాదన. ఇప్పుడు కొత్త డాక్టరు రోఫ్లుమిలాస్ట్ రాశారు.
ఒక ఉపాధ్యాయుడు, అనకాపల్లి

జవాబు: మాస్టారూ, బీడీ మానడం ఒంటికి పడింది. మాత్రకే పడలేదు.

డెరిఫిలిన్‌లో ఉండేవి థియోఫిలిన్, దాని బంధువు ఎటోఫిలిన్. థియోఫిలిన్‌ను 1888లో ఆల్బ్రెక్ట్ కాసెల్ టీ ఆకు నుంచి తీశారు. అది ఒక్క తూము అని చూడదు, అన్నింటినీ తలా కొంచెం మూస్తుంది. శ్వాసనాళాల కండరం సడలుతుంది, బాగానే ఉంది. గుండెలోనూ పనిచేస్తుంది కాబట్టి దడ. అడినోసిన్ రిసెప్టర్లను కూడా అడ్డుకుంటుంది కాబట్టి వణుకు, నిద్రలేమి, మరీ ఎక్కువైతే మూర్ఛలు. పనిచేసే మోతాదుకూ, హాని చేసే మోతాదుకూ మధ్య ఎడం చాలా తక్కువ. రక్తంలో మిల్లీలీటరుకు 20 మైక్రోగ్రాములు దాటితే ప్రమాదమని మేము పాఠం చెప్పేవాళ్ళం, ఇప్పుడు 15 లోపే ఉంచమంటున్నారు.

ఇప్పుడు మీ నాన్నగారి వాదన. పొగ తాగేవాళ్ళ కాలేయంలో థియోఫిలిన్‌ను ఖర్చుచేసే ఎంజైము రెచ్చిపోయి ఉంటుంది. పొగలోని తారు దాన్ని అలా ఎగదోస్తుంది. ఇన్నేళ్ళూ ఆయన వేసుకున్న మాత్రలో మంచి భాగం అలా బూడిదయింది. బీడీ మానేశారు, కొన్ని రోజుల్లో కాలేయం మామూలు స్థితికి వచ్చింది, మాత్ర మాత్రం పాత లెక్కనే పడుతోంది. రక్తంలో అది పేరుకుపోయింది. దాని మీద యాంటీబయాటిక్. మూత్రంలో మంటకు మన దగ్గర మొదట చేతికి వచ్చేది సిప్రోఫ్లాక్సాసిన్. అది ఆ కాలేయపు ఎంజైమును నేరుగా అడ్డుకుంటుంది. మీరు మందు పేరు రాయలేదు, చీటీ తీసి చూడండి. సిప్రో అయితే మీ నాన్నగారి వణుకు లెక్క తేలిపోయినట్టే. పొగ మానిన ప్రతి థియోఫిలిన్ రోగికీ మోతాదు తగ్గించాలని పుస్తకాల్లో ఉంది, ఆ మాట రోగికి చెప్పే తీరిక మాత్రం ఎవరికీ ఉండటం లేదు. నాకు ఒళ్ళు మండేది ఇక్కడే. అరవై ఏళ్ళ పాత మాత్ర, షాపులో చీటీ లేకుండా దొరుకుతుంది, అందరికీ పరిచయం. పరిచయం కొద్దీ అజాగ్రత్త.

రోఫ్లుమిలాస్ట్ వేరు. నాలుగో నంబరు తూమును మాత్రమే మూస్తుంది. యూరప్‌లో 2010లో, అమెరికాలో 2011లో వచ్చింది. ఇది ఆయాసం అప్పటికప్పుడు తగ్గించే మందు కాదు. రాత్రి ఎగశ్వాస వస్తే ఇది వేయకండి, ఇన్‌హేలరే వాడండి. తీవ్రమైన సీవోపీడీ (పొగ వల్ల ఎక్కువగా వచ్చే, ఊపిరి ఆడనివ్వని దీర్ఘకాలపు ఊపిరితిత్తుల జబ్బు) ఉండి, కఫంతో కూడిన దగ్గు ఉండి, ఏడాదిలో మాటిమాటికీ ముదిరి ఆసుపత్రి పాలయ్యేవాళ్ళలో ఆ ముదిరే సార్లను తగ్గించడానికి ఇస్తారు. వాపు తగ్గించి చేసే పని కాబట్టి నిదానంగా తెలుస్తుంది. పూర్తి మోతాదు రోజుకు 500 మైక్రోగ్రాములు. మొదటి నాలుగు వారాలు సగం మోతాదుతో మొదలుపెడితే కడుపు తక్కువ గోల చేస్తుంది. బరువు తగ్గిస్తుంది, మీ నాన్నగారు ఇప్పటికే సన్నగా ఉంటే ఆ మాట డాక్టరు గారి చెవిన వేయండి. డెరిఫిలిన్, రోఫ్లుమిలాస్ట్ రెండూ కలిపి వాడమన్నారా, పాతది ఆపమన్నారా అని తప్పకుండా అడగండి. రెండూ ఒకే పని మీదికి పోయే మందులు, కలిపి వాడటానికి సాధారణంగా ఒప్పుకోరు.

2024లో అమెరికాలో ఎన్సిఫెంట్రిన్ అని ఇంకొకటి వచ్చింది. మూడు, నాలుగు నంబర్లు రెండింటినీ ఆపుతుంది, నెబ్యులైజర్‌తో పీల్చాలి. నాళాలను సడలించే పని మూడుతో, వాపు తగ్గించే పని నాలుగుతో. మింగకుండా పీల్చేది కాబట్టి కడుపుకు చేరేది తక్కువ.

ప్రశ్న: మా చెల్లికి 19. గుండెలో రంధ్రం ఆలస్యంగా బయటపడి ఊపిరితిత్తుల బీపీ ఎక్కువైందన్నారు. సిల్డెనాఫిల్ రోజుకు మూడుసార్లు రాశారు. చీటీ తీసుకుని వెళితే షాపులో కుర్రాళ్ళు ఒకరినొకరు చూసుకుని నవ్వారు. ఇంకో షాపులో 'ఇది ఆడపిల్లకేంటన్నా' అన్నారు. నిజంగా డాక్టరు తప్పు రాశారా?
పేరు వద్దన్న పాఠకుడు, నిజామాబాద్

జవాబు: తప్పు రాయలేదు నాయనా. ఆ నవ్వినవాళ్ళు చదవాల్సింది చదవలేదు.

ఇది ఐదో నంబరు ఎంజైమును ఆపుతుంది. అక్కడ నిలిచేది సైక్లిక్ జీఎంపీ, అది రక్తనాళాల కండరాన్ని సడలిస్తుంది. ఐదో నంబరు ఎక్కువగా ఉండే చోట్లలో ఊపిరితిత్తుల రక్తనాళాలు ఒకటి. ఇంగ్లండ్‌లోని శాండ్‌విచ్ ఊళ్ళో ఫైజర్ ప్రయోగశాలలో ఈ మందును మొదట చూసింది గుండెనొప్పికి. గుండెకు పెద్దగా పనికిరాలేదు, మగవాళ్ళ అంగస్తంభనకు పనికొస్తుందని ఇంకో ఫలితం కనబడింది, 1998లో దానితోనే బజారుకొచ్చి పేరు మోసింది. 2005లో ఊపిరితిత్తుల బీపీకి 20 మిల్లీగ్రాముల మాత్రగా వేరే పేరుతో అనుమతి వచ్చింది. ఆ అనుమతికి ఆధారమైన అధ్యయనంలో 278 మంది, వాళ్ళలో నూటికి డెబ్బై ఐదుగురు ఆడవాళ్ళే. ఈ ముక్క కత్తిరించి ఆ షాపు గల్లాపెట్టె మీద అంటించి రా.

రెండు జాగ్రత్తలు. గుండెనొప్పికి నాలుక కింద పెట్టుకునే సార్బిట్రేట్ జాతి మందులు కూడా సైక్లిక్ జీఎంపీనే పెంచుతాయి. ఒకటి వరద పెంచి, ఇంకొకటి తూము మూస్తే బీపీ ధన్‌మని పడిపోతుంది, ప్రాణం మీదికి వస్తుంది. మీ ఇంట్లో పెద్దవాళ్ళ మందుల డబ్బాలో సార్బిట్రేట్ ఉంటే చెల్లికి ఛాతీ బరువుగా ఉందని ఎవరూ తెలియక వేయకుండా చూడు. రెండోది, స్టాకు అయిపోయిందనో, సిగ్గుపడో మధ్యలో మాత్ర ఆపకూడదు. చూపులో కాస్త నీలం ఛాయ కనబడితే కంగారుపడవద్దను. రెటీనాలోని ఆరో నంబరు ఎంజైము దీనికి దగ్గరి చుట్టం, దాన్నీ కొంచెం తాకుతుంది. చూపు ఒక్కసారిగా తగ్గితే మాత్రం ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్ళు.

ప్రశ్న: కాఫీ కూడా ఈ ఎంజైమును ఆపుతుందని మీరే రాశారు. రోజుకు మూడు గ్లాసులు తాగుతాను. నా కీళ్ళవాతం తగ్గాలి కదా?
ఒక రిటైర్డ్ ఉద్యోగి, రాజమండ్రి

జవాబు: గొట్టంలో ఆపుతుంది, గ్లాసులో కాదండీ. ఆ ఎంజైమును గట్టిగా ఆపాలంటే రక్తంలో ఉండాల్సిన కెఫీన్ మూడు గ్లాసులతో వచ్చేదానికి ఎన్నో రెట్లు, ఆ స్థాయికి వెళితే మీరు కీళ్ళ గురించి ఆలోచించే స్థితిలో ఉండరు. కాఫీ నిద్ర పోగొట్టేది అడినోసిన్ రిసెప్టర్లను అడ్డుకుని. మీరు తాగండి, ఇష్టంగా తాగండి, మందు అనుకోకండి. థియోఫిలిన్ వాడేవాళ్ళు మాత్రం తగ్గించాలి. కెఫీన్‌నూ థియోఫిలిన్‌నూ ఖర్చుచేసేది కాలేయంలో ఒకే ఎంజైము, రెండూ కలిస్తే దడ రెట్టింపవుతుంది.

ప్రశ్న: అత్తయ్య గారూ (మా అమ్మ మీ శిష్యురాలు, అందుకని ఆ పిలుపు), డాలస్‌లో ఉంటాం. బాబుకు మూడేళ్ళు, మోచేతి మడతల్లో, మోకాళ్ళ వెనక ఎగ్జిమా. ఇక్కడి డాక్టరు స్టెరాయిడ్ కాని క్రిసాబొరోల్ పూత ఇచ్చారు. రాయగానే ఏడుస్తున్నాడు.
ఒక తల్లి, డాలస్

జవాబు: ఇదీ నాలుగో నంబరు మందేనమ్మా, కాకపోతే చర్మం మీద రాసేది. 2016 డిసెంబరులో రెండేళ్ళు దాటిన పిల్లలకు, 2020లో మూడు నెలల పసివాళ్ళ దాకా అక్కడ అనుమతి ఇచ్చారు. దీని అణువు నడుమ బోరాన్ ఉంది. క్యారమ్స్ బోర్డు మీద చల్లుకునే బోరిక్ పొడి గుర్తుందా, ఆ బోరాన్. ఎంజైము లోపల ఫాస్ఫేటు కూర్చోవాల్సిన చోట ఈ బోరాన్ వెళ్ళి కూర్చుంటుంది, ఇక అసలు కబురు తెగదు. చర్మం దాటి రక్తంలోకి వెళ్ళింది త్వరగా పనికిరాకుండా పోతుంది, అందుకే కడుపు గోల ఉండదు.

రాసినచోట మంట, చురుకు దీనికి తెలిసిన ఇబ్బందే. పగిలి ఎర్రగా ఉన్న చర్మం మీద ఎక్కువ. చాలామంది పిల్లల్లో కొద్ది రోజులకు తగ్గుతుంది. అప్పటికీ ఏడుస్తుంటే మీ డాక్టరుతో చెప్పు, మందు మార్చే దారి ఉంది. రాసినచోట దద్దుర్లు లేచి పాకితే అది ఎలర్జీ, వెంటనే ఆపాలి. స్టెరాయిడ్ పూత అంటే భయపడి దీన్ని అడిగి రాయించుకున్నావేమో అని నా అనుమానం. తక్కువ బలం స్టెరాయిడ్‌ను కొద్ది రోజులు, చెప్పినట్టు రాస్తే పిల్లవాడికి ఏమీ కాదు. మన వాట్సాప్ పెద్దలు చెప్పినంత భూతం కాదది.

ప్రశ్న: మా మామగారికి ఐపీఎఫ్, ఊపిరితిత్తులు గట్టిపడే జబ్బు. పిర్ఫెనిడోన్ వాడుతున్నారు. అమెరికాలో ఈ ఎంజైము మీదే కొత్త మాత్ర వచ్చిందని మా అబ్బాయి అంటున్నాడు. తెప్పించమంటారా?
ఒక కోడలు, విశాఖపట్నం

జవాబు: మీ అబ్బాయి చెప్పింది నిజం. నెరాండోమిలాస్ట్ అని, అమెరికాలో 2025 అక్టోబరులో అనుమతి వచ్చింది. ఇందాక నాలుగో నంబరులో వాపుకు బీ రకం, వాంతికి డీ రకం అన్నాను చూడండి, దీన్ని ఎక్కువగా బీ వైపు మొగ్గేలా తయారుచేశారు. రోలిప్రామ్ నాటినుంచి వెతుకుతున్నది ఇదే. వాంతి సంగతి మెరుగుపడింది కానీ విరేచనాలు మాత్రం ఇందులోనూ ఉన్నాయి.

సుమారు 1,177 మంది మీద ఏడాది పాటు చూసిన పరీక్షలో ఊపిరితిత్తులు గాలి పట్టే శక్తి తరిగిపోవడం నెమ్మదించింది. ఆగలేదు, పోయింది తిరిగి రాలేదు. మీ మామగారి విషయంలో చూడాల్సిన ముఖ్యమైన సంగతి ఇంకొకటి ఉంది: పిర్ఫెనిడోన్ పక్కన ఉంటే ఈ కొత్త మందు రక్తంలో దాదాపు సగానికి పడిపోతుంది. తక్కువ మోతాదు మాత్ర పిర్ఫెనిడోన్ వాడేవాళ్ళకు పనికిరాలేదు. కాబట్టి మనవడు సూట్‌కేసులో తెచ్చి వేయించే మందు కాదిది. ఏ మోతాదు, పాతది ఉంచాలా మార్చాలా అన్నది ఆయన్ను చూస్తున్న ఛాతీ డాక్టరే తేల్చాలి. వెళ్ళేటప్పుడు గత ఏడాది స్పైరోమెట్రీ (ఊపిరి కొలిచే పరీక్ష) రిపోర్టులన్నీ, ఇప్పుడు వాడుతున్న ప్రతి మాత్ర స్ట్రిప్పూ పట్టుకెళ్ళండి.